టీ చల్లారేలోగా

గుర్రాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడానికి ఎంత తీసుకుంటారని ఎవరైనా ఫోన్ చేస్తే, నలభై ఏళ్ళపాటు నేను చెప్పిన జవాబు ఒక్కటే. "టీ పెట్టించండి, వస్తున్నా."

ఎకసెక్కానికి కాదు. నిజంగానే వెళ్ళేవాణ్ణి. లారీ ఆపి, వెనక పలక నేలకి దించి, వాళ్ళిచ్చిన టీ గ్లాసు పుచ్చుకుని ఓ పక్కన కూర్చునేవాణ్ణి. "ఇక ఎక్కించండి" అనేవాణ్ణి. టీ చల్లారేలోగా గుర్రం పలక మీదుగా నడిచి లోపలికి వెళ్ళిపోతే మామూలు రేటు. చల్లారిపోతే సగం ఎక్కువ. రెండో టీ అడగాల్సి వస్తే రెట్టింపు. మూడో టీ దాకా వచ్చిందంటే, టీ బాగుందని చెప్పి ఇంటికొచ్చేసేవాణ్ణి.

ఎందుకంటే దూరం అందరికీ ఒకటే, డీజిల్ అందరికీ ఒకటే. తేడా అంతా గుర్రంలో ఉంటుంది. లోపలున్న గుర్రానికి రోడ్డు కనపడదు, మలుపు మాత్రమే తెలుస్తుంది. నెమ్మదిగా ఎక్కిన గుర్రం మలుపు దగ్గర కాళ్ళు సర్దుకుని నిలబడుతుంది. పోట్లాడి ఎక్కిన గుర్రం దారంతా పోట్లాడుతూనే ఉంటుంది. గంటకోసారి ఆపాలి, నీళ్ళు పట్టాలి, బతిమాలాలి. ఆ బతిమాలడానికే రేటు.

ఇంకోటి కూడా ఉంది. గుర్రాన్ని దించాక లారీ ఖాళీగా తిరిగి రావాలి. ఆ ఖాళీకీ డీజిలే పోయాలి గానీ నీళ్ళు పొయ్యలేం కదా. ఆ మాటంటే చాలామంది, "ఖాళీ లారీకి మేమెందుకివ్వాలండీ?" అంటారు. మరి మా లారీ మీ ఊళ్ళోనే కాపురం పెట్టాలా?

మా కోడలు కాపురానికొచ్చిన రెండో ఏడు ఆఫీసులో కూర్చుంది. ఆఫీసంటే షెడ్డు పక్కన రేకుల గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి పాత కళ్ళాలు. ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నదీ ఆ కోడలే. అందుకని జాగ్రత్తగా చెబుతాను.

ఒకరోజు వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, నిన్నొక ఫోనొచ్చిందట. టీ పెట్టించమన్నారట మీరు."

"అన్నాను."

"ఆయన ఇంకో కంపెనీకి ఫోన్ చేశాడు. రెండు నిమిషాల్లో రేటు చెప్పేశారు. గుర్రం వాళ్ళ లారీలో వెళ్ళిపోయింది. మనకి కిరాయీ పోయింది, టీ కూడా దక్కలేదు."

మా అబ్బాయి లారీ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. అక్కణ్ణుంచే అందుకున్నాడు. "నాన్న రేటు చెప్పేలోగా చూలు కట్టిన గుర్రం ఈనేస్తుంది కూడా. అప్పుడు రెండింటికి కిరాయి అడగొచ్చని ఆయన ప్లాను."

నేను మాట నిదానంగా ఆడతానని వాడికెప్పుడూ వేళాకోళమే. వాడి పెళ్ళినాడు నేను దీవెన పూర్తిచేసేసరికి వాడికి కాళ్ళు తిమ్మిరెక్కాయట. ఇప్పటికీ చెప్పుకుంటాడు.

కోడలు ఒక కాగితం నా చేతిలో పెట్టింది. దానికి షీట్ అని పేరు. నాకు చదువు అంతంతమాత్రం, అంకెలు మాత్రం బాగానే పోల్చుకుంటాను. కిలోమీటరుకి ఇంత. ఖాళీగా తిరిగొచ్చే దూరానికి అందులో సగం. లారీలో ఉన్న రెండు గదుల్లో ఒకటే కావాలంటే తక్కువ, మొత్తం లారీ కావాలంటే మూడింతలు. ఎక్కించడానికి అరగంట దాటితే ఆపైన ప్రతి అరగంటకీ ఒక వెయ్యి. తప్పు పడదామని రెండుసార్లు చూశాను. దొరకలేదు. చక్కగా ఉంది.

"ఇందులో గుర్రం ఎక్కడుందమ్మా?" అన్నాను.

"ఇదిగో మామయ్యా, మూడో గడిలో. గుర్రాలెన్ని? ఒకటి."

ఒక నెల షీట్ ప్రకారం నడిపి చూద్దామనుకున్నాం. నెలలో నష్టం రాకపోతే ఇక నేను టీ ఇంట్లోనే తాగాలి. అదీ ఒప్పందం. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఫోన్ రావడం, రేటు చెప్పడం, గుర్రం ఎక్కడం, దిగడం. నాకు టీ మీద విరక్తి పుట్టే పరిస్థితి వచ్చింది.

నాలుగో వారంలో ఒక మాస్టారు ఫోన్ చేశారు. పిల్లలకి గుర్రపు స్వారీ నేర్పే బడి ఆయనది. ఆయనది అంటే, నడిపేది ఆయన, స్థలమూ గుర్రాలూ వేరే యజమానివి. ఆ యజమాని స్థలం అమ్మేశాడు. గుర్రాలన్నీ ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి, ఒక ఆడగుర్రం తప్ప. దానికి ఇరవై నాలుగేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా పిల్లల్ని మోసింది. పేరు ఏదో ఉంది గానీ అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. యజమాని మాస్టారితో ఒక మాట అన్నాడు. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా తీసుకెళ్ళగలిగితే టీచరమ్మ మీదే, ఊరికే ఇచ్చేస్తాను. పన్నెండు దాటితే బ్రోకరుది. బ్రోకరు గుర్రాల్ని ఎలా కొంటాడో చెప్పక్కర్లేదు. ఆయనది తూకం రేటు.

మాస్టారి అక్కకి రెండు వందల కిలోమీటర్ల దూరంలో పొలం, గడ్డి, ఖాళీ కొట్టం ఉన్నాయి. ఆయనా గుర్రమూ అక్కడే ఉండిపోవాలని ఆశ. ఇక మిగిలింది చేర్చడమే.

"మొత్తం లారీ అయితే ఇరవై ఏడు వేలండీ," అంది కోడలు ఫోన్లో. "ఇరవై ఏడా?" అన్నారు అవతల. కోడలు షీట్ తిప్పింది. "శనివారం మాకు అదే దారిలో ఇంకో గుర్రం వెళ్తోంది. పక్కగది ఖాళీగా ఉంది. అలా అయితే తొమ్మిది వేలు. కానీ పన్నెండింటికి కచ్చితంగా బయల్దేరిపోతాం. రెండో గుర్రం ఆరింటికి పోటీల మైదానంలో ఉండాలి, డాక్టరు చూస్తాడు."

"తొమ్మిది ఉన్నాయమ్మా. తొమ్మిదే ఉన్నాయి," అన్నారు మాస్టారు. "మీ దగ్గర టీ లెక్క ఉంటుందని విన్నాను?" అన్నారు.

"అది ఎత్తేశామండీ," అంది కోడలు. నా వైపు చూడలేదు.

శనివారం పొద్దున్నే ముందు ఆ పోటీల గుర్రాన్ని ఎక్కించుకున్నాం. దాని పేరు హీరో. నాలుగు కాళ్ళకీ మెత్తటి పట్టీలు, ఒంటికి దుప్పటి, దానికి విడిగా ఒక సంచీ నిండా సామాను. ఎక్కేటప్పుడు ఫొటో తీస్తారేమో అన్నట్టు ఒకసారి ఆగి, ఎక్కింది. ఎడమ గదిలో నిలబెట్టి, పదింటికి స్వారీ బడికి చేరాం. మా అబ్బాయి నడిపాడు, కోడలు గడియారం పట్టుకుంది, నేను ఊరికే వచ్చాను. ఊరికే అంటే, ఇంట్లో తోచక.

బడి అప్పటికే సగం ఊడదీసి ఉంది. కంచె కర్రలు ఓ మూల పేర్చి ఉన్నాయి. గేటు దగ్గర బైకు మీద ఒకాయన కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. అదే బ్రోకరు. మాస్టారు పొడుగ్గా, నిటారుగా ఉన్నారు. ఆ వయసులో కూడా గుర్రం మీద కూర్చున్నట్టే నేల మీద నిలబడతారు. నన్ను చూడగానే లోపలికి వెళ్ళి టీ తెచ్చి చేతిలో పెట్టారు.

"లెక్క లేదని చెప్పాం కదండీ," అంది కోడలు.

"మర్యాదకే అమ్మా," అన్నారాయన. కానీ చూపు మాత్రం గ్లాసు మీదే ఉంది.

టీచరమ్మని తీసుకొచ్చారు. బూడిద రంగు, కుంగిన నడుము, పొడుగాటి కనురెప్పలు. పలక దాకా బుద్ధిగా నడిచొచ్చింది. అక్కడ ఆగింది. అంతే. మాస్టారు ముందు నుంచి తాడు పట్టుకుని "రా, రావే" అన్నారు. రాలేదు. మా అబ్బాయి వెనక చేరి "హా, హా" అన్నాడు. మెడ తిప్పి వాణ్ణి చూసింది. మళ్ళీ ముందుకి చూసింది. కదల్లేదు.

బెల్లం పెట్టారు. తినేసింది. క్యారెట్ చూపించారు. మెడ సాచి అదీ తినేసింది, కాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. కోడలు పలక మీద గడ్డి పరిచింది. మా అబ్బాయి వెనక చెయ్యేసి నెట్టాడు. అది గోడని నెట్టినట్టే. లోపల నుంచి హీరో, ఆలస్యమవుతోందన్నట్టు కాలితో చెక్క మీద టకటకమని కొడుతున్నాడు.

"ఇంకా ఎంతసేపండీ?" అని కోడలు మొగుణ్ణి అడిగింది.

"నన్నడుగుతావేంటి? షీట్‌ని అడుగు," అన్నాడు వాడు చెమట తుడుచుకుంటూ.

నాకు ఇంతలో ఒక వింత కనపడింది. మాస్టారు చడీచప్పుడు లేకుండా వచ్చి నా టీ గ్లాసు మీద సాసర్ బోర్లించి వెళ్ళారు. చల్లారకుండా! నవ్వొచ్చింది గానీ, ఆయన మొహం చూసి నవ్వలేకపోయాను. పదకొండయింది. నా గ్లాసు చల్లారింది. ఆయన పరుగున ఇంకోటి తెచ్చారు, ఇదే మొదటిదన్నట్టు.

బ్రోకరు బైకు దిగి నా పక్కనే వచ్చి కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఎక్కదది. ఇలాంటివి చాలా చూశాను. ముసలి గుర్రాలకి భయం ఎక్కువ."

"ఇది భయం కాదు నాయనా," అన్నాను. నలభై ఏళ్ళుగా నేను భయాన్ని చూస్తున్నాను. భయపడ్డ గుర్రానికి చెవులు నిక్కుతాయి, మెడ తడుస్తుంది, కళ్ళల్లో తెల్లగుడ్డు కనపడుతుంది. ఇది ఒక వెనక కాలు వదులుగా మడిచి, బస్సు కోసం నిలబడ్డ మనిషిలా నిలబడింది. దేనికోసమో ఆగింది. దేనికోసమన్నదే తెలియాలి.

చూస్తూ కూర్చున్నాను. నాకు చేతనైన పని అదొక్కటే. పావుగంట చూసేసరికి ఒకటి పట్టుబడింది. అది ఊరికే వెనక్కి తిరగట్లేదు. మా అబ్బాయిని చూస్తుంది. తర్వాత కోడల్ని చూస్తుంది. తర్వాత అటు గేటు పక్కన నన్నూ బ్రోకర్నీ చూస్తుంది. అందర్నీ చూడటం అయ్యాక ఖాళీగా ఉన్న లారీ గది వైపు చూస్తుంది. మళ్ళీ మొదటినుంచి.

"మాస్టారూ," అన్నాను. "బళ్ళో గుర్రాలు వరసలో వెళ్ళేటప్పుడు ఇది ఎక్కడ నడిచేది?"

ఆయన తాడు వదలకుండానే, విసుగ్గా, "చివర్న," అన్నారు. "ఎప్పుడూ చివర్నే."

"ఎందుకని?"

"ఎవరైనా పిల్లలు వెనకబడితే చూసుకుంటుందని. అందరూ గేటు దాటాక గానీ అది..." అంటూనే ఆయన గుర్రం వైపు తిరిగారు. "అందరూ లోపలికెళ్ళాక గానీ అది లోపలికి వచ్చేది కాదు."

"మరి గంటన్నర నుంచి లాగుతున్నారు, ఆ ముక్క తట్టలేదా?" అన్నాడు మా అబ్బాయి.

"నేనెప్పుడూ ముందు గుర్రం మీద ఉండేవాణ్ణి బాబూ. వెనక ఏం జరిగేదో పిల్లలు చెబితే వినడమే. దీన్ని తాడు కట్టి లాగాల్సిన అవసరం ఒక్కరోజు కూడా రాలేదు."

పదకొండూ నలభై.

కోడలు అందరికంటే ముందు అందుకుంది. "అయితే అందరం ఎక్కుదాం పదండి!"

మా లారీ గదికి ముందువైపు పక్కగా ఒక చిన్న తలుపుంటుంది, గుర్రాన్ని కట్టేసిన మనిషి బయటకి రావడానికి. పలక మీంచి ఎక్కి, గదిలోంచి నడిచి, ఆ తలుపులోంచి దిగిపోవచ్చు. ముందు మాస్టారు తాడు వదిలేసి ఎక్కారు. టీచరమ్మ చెవులు ముందుకి వచ్చాయి. తర్వాత మా అబ్బాయి. తర్వాత కోడలు, చీర కుచ్చిళ్ళు ఓ చేత్తో ఎత్తిపట్టుకుని, షీట్ ఇంకో చేత్తో పట్టుకుని. తర్వాత మోకాళ్ళు పట్టుకుని నేను. నేను ఎక్కేంతసేపూ అది కదలకుండా చూసింది. దిగి లారీ చుట్టూ రాకుండా ఆ పక్కనే నక్కి నిలబడ్డాం.

టీచరమ్మ ఒక ముందు కాలు పలక మీద పెట్టింది. మళ్ళీ తీసేసి, గేటు వైపు చూసింది.

బ్రోకరు. ఆయన ఒక్కడే బయట మిగిలాడు.

"ఏవండోయ్, మీరూ ఎక్కాలి!" అని కోడలు లారీ చాటునుంచి అరిచింది.

"నేనా? నేనెందుకెక్కుతానమ్మా? నాకేం లాభం?"

"భయపడకండి. మనిషికి మా షీట్లో రేటు లేదు. ఊరికే ఎక్కొచ్చు."

"నేను ఎక్కితే నా గుర్రం పోతుంది. తెలివి నా దగ్గరా?" అని ఆయన చేతులు కట్టుకుని, గడియారం చూసుకున్నాడు. పదకొండూ నలభై ఎనిమిది. "బయటికి గెంటేస్తా వాణ్ణి," అన్నాడు మా అబ్బాయి. నేను వాడి భుజం పట్టుకుని ఆపాను. టీచరమ్మ కదిలింది కాబట్టి.

పలక దగ్గర్నుంచి వెనక్కి తిరిగి తిన్నగా గేటు వైపు నడిచింది. తాడు నేల మీద ఈడ్చుకుంటూ, తొందర లేకుండా. బ్రోకరు వెనక్కి ఒక అడుగు వేశాడు. అది ఆయన చుట్టూ తిరిగి వెనక్కి చేరింది. చేరి, ముక్కుతో ఆయన నడుము మీద ఒక్కటి ఆనించి తోసింది.

"ఏయ్!" అన్నాడాయన, రెండడుగులు ముందుకి పడి.

ఇంకోసారి తోసింది. ఇంకో మూడడుగులు. ఆయన కుడివైపు తప్పుకోబోతే కుడివైపు వచ్చింది. ఎడమవైపు అయితే ఎడమవైపు. కోపం లేదు, కొరకడం లేదు. పద్దెనిమిదేళ్ళుగా వెనకబడ్డ పిల్లల్ని ఎలా గేటు లోపలికి చేర్చిందో అలాగే.

"పిలవండయ్యా దీన్ని! మాస్టారూ!"

"అది నా మాట వినదండీ," అన్నారు మాస్టారు. రెండు గంటల్లో మొదటిసారి ఆయన గొంతులో నవ్వు వినపడింది. "ఆ పనిలో ఉన్నప్పుడు అసలే వినదు. మీరే వినేయండి."

బ్రోకరు పలక ఎక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు? గదిలోంచి నడుస్తుంటే పక్కగదిలోంచి హీరో ఆయన చెవిలో పెద్దగా సకిలించాడు. చిన్న తలుపులోంచి ఉరికినట్టు బయట పడ్డాడు. టీచరమ్మ ఒకసారి వెనక్కి చూసింది. ఖాళీ నేల, ఊడదీసిన కంచె, బైకు. ఎవరూ లేరు. నింపాదిగా పలకెక్కి, లోపలికెళ్ళి, కట్టేసుకోండన్నట్టు తల వంచి నిలబడింది.

మా అబ్బాయి పలక లేపి గడియ బిగించాడు. బ్రోకరు నడుము రుద్దుకుంటూ నా దగ్గరికొచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. "చిన్నప్పుడు బడికి మా అమ్మ ఇలాగే తోసేది," అనేసి, బైకెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు మాస్టారు జేబులోంచి కవరు తీశారు. తీసి, ఇవ్వడానికి జంకారు. "అమ్మా, దాదాపు రెండు గంటలయింది. మీ షీట్ ప్రకారం అరగంటకో వెయ్యి అదనం. పెద్దాయన లెక్క ప్రకారమైతే రెండు టీలయ్యాయి. నా దగ్గర తొమ్మిదే..."

కోడలు నా వైపు చూసింది. నేను ఏదో చెబుదామని నోరు తెరిచాను. నా మాట బయటికి వచ్చేలోగానే, ఎప్పటిలాగే, ఆమె చెప్పేసింది.

"ఎక్కడం మొదలుపెట్టింది పదకొండూ యాభై రెండుకి. ఎక్కేసింది యాభై మూడుకి. అంటే ఒక్క నిమిషం. అరగంట ఎక్కడ దాటింది మాస్టారూ?"

"మరి అంతకుముందు..."

"అంతకుముందు గుర్రం ఆలస్యం చెయ్యలేదండీ. ఎలా ఎక్కాలో దానికి పొద్దున్నే తెలుసు. మాకు తెలియలేదు. మాకు తెలియకపోయిందానికి మీ దగ్గర డబ్బులెలా తీసుకుంటాం?"

నేను అనాలనుకున్నదీ అదే. కాకపోతే నేను చెప్పేసరికి పన్నెండు దాటేది.

మాస్టారు గుర్రాల ముందున్న చిన్న సీటులో కూర్చుంటానన్నారు. మేం ముగ్గురం ముందు ఎక్కాం. ఊరు దాటాక కోడలు షీట్ ఒళ్ళో పెట్టుకుని, మూడో గడి పక్కన గీత కొట్టి కొత్త గడి వేసింది. ఏంటని అడిగాను. "ఈ గుర్రం ఇదివరకు ఏం పని చేసేది?" అని చదివి వినిపించింది.

"ఫోన్లో అడిగితే చెబుతారా అంత సరిగ్గా?" అన్నాడు మా అబ్బాయి.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఎవరికో రెండు గుర్రాలు దాటించాలట. కోడలు దూరం అడిగింది, తేదీ అడిగింది, కిలోమీటరు లెక్క చెప్పింది. తర్వాత కిటికీ వైపు తిరిగి గొంతు తగ్గించి, "కచ్చితమైన రేటు మా మామయ్య వచ్చి చూసి చెబుతారండీ. కాస్త టీ పెట్టించండి. ఆయనకి పంచదార తక్కువ," అంది. మా అబ్బాయి స్టీరింగు మీద చెయ్యేసి కొట్టి నవ్వాడు. నేను వినపడనట్టు రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

నాలుగింటికి మాస్టారి అక్కగారి పొలం చేరాం. దారంతా టీచరమ్మ ఒక్క చప్పుడు చెయ్యలేదు. దాని పక్కన నిలబడ్డందుకో ఏమో, హీరో కూడా కాలు కొట్టడం మానేశాడు. పలక దించారు. నేను చిన్న తలుపులోంచి లోపలికెళ్ళి దాని తాడు విప్పాను. అది చక్కగా బయటి వైపు తిరిగింది గానీ, దిగలేదు. మాస్టారు దిగారు. మా అబ్బాయి దిగాడు. కోడలు దిగింది. అది ఇంకా నిలబడే ఉంది.

"నాన్నా, నీకోసమే!" అన్నాడు మా అబ్బాయి కింద నుంచి. "తొందరగా రా!"

ఇంత వయసులో తొందరంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? పలక అంచు పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుని దిగుతున్నాను. రెండో అడుగు దగ్గర మోకాలు మొరాయించి కాస్త ఆగాను. వెనక నుంచి నా నడుము మీద వెచ్చగా, మెత్తగా, ఒక ముక్కు ఆనింది.